కరెంటు కారా, హైబ్రిడా, పెట్రోలా? వరంగల్ ఇంటి లెక్క

హన్మకొండలో ఎవరైనా కారు కొంటున్నామని అంటే చాలు, చుట్టాలంతా సలహాలు మొదలుపెడతారు. "ఇంకా పెట్రోల్ కారేంది బావా, కరెంటు బండి తీసుకో, పైసలు మిగుల్తయి" అని ఒకరు. "బ్యాటరీ పోతే అప్పుడు తెలుస్తది, హైబ్రిడ్ తీసుకో, రెండు విధాలా మంచిది" అని ఇంకొకరు. ఇద్దరూ మన మేలు కోరే చెప్తారు. అయితే మీ కారు నెలకు ఎంత తిరుగుతుందో, రాత్రి ఎక్కడ నిలబడుతుందో ఇద్దరిలో ఒక్కరూ అడగరు. ఆ రెండూ తెలియకుండా ఏ కారు మంచిదో చెప్పడం కుదరదు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మన వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఎలక్ట్రిక్ కారు వల్ల నిజంగా డబ్బు మిగలాలంటే, రాత్రి సొంత ప్లగ్గు దగ్గర కారు నిలుపుకునే వీలుండాలి, నెలకు వెయ్యి కిలోమీటర్లకు తగ్గకుండా తిరగాలి. ఈ రెండింటిలో ఒకటి లేకపోయినా చిన్న పెట్రోల్ కారే మేలు. హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తోపాటు చిన్న బ్యాటరీ, మోటారు కూడా ఉండే కారు) గురించి చెప్పే పొదుపు హైదరాబాద్ ట్రాఫిక్‌లో వచ్చే పొదుపు. మన రోడ్ల మీద అందులో సగం కూడా కనపడదు. ఎందుకంటున్నానో లెక్కలు వేసి చూపిస్తాను. వీటిలో మీ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. అంకెలు మారితే జవాబు కూడా మారుతుంది.

ఆన్‌రోడ్ ధర దగ్గర మొదలుపెట్టాలి

ఒకే మోడల్‌లో పెట్రోల్ కారు షోరూం ధర 9 లక్షలు, ఎలక్ట్రిక్ ధర 12.5 లక్షలు అనుకుందాం. చూడ్డానికి తేడా మూడున్నర లక్షలు. కానీ మన రాష్ట్రంలో పెట్రోల్ కారుకు లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్డు ట్యాక్స్, కట్టాలి. పది లక్షల లోపు కారుకు 14 శాతం వేసుకుంటే లక్షా 26 వేలు. ఎలక్ట్రిక్ కారుకు ఆ ట్యాక్స్ లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో తెచ్చిన ఎలక్ట్రిక్ వాహనాల విధానంలో రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు వంద శాతం మాఫీ చేశారు. అంతకుముందు విధానంలో మొదటి 5,000 కార్లకే ఆ లాభం ఉండేది, ఇప్పుడు ఆ పరిమితి తీసేశారు. దీంతో తేడా రెండు లక్షల 24 వేలకు దిగుతుంది. ఇంట్లో చార్జింగ్ లైను, ఎర్తింగ్, ఎంసీబీ కోసం ఇంకో పదిహేను వేలు కలిపి, 2.4 లక్షలు అనుకుందాం.

ఈ మాఫీ 2026 డిసెంబర్ 31 దాకానే. చాలామంది దీన్ని ఎప్పటికీ ఉండే విషయంలా మాట్లాడతారు. పది లక్షలు దాటిన కారుకు మన దగ్గర లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తక్కువ ఉండదు. మాఫీ పోయి ఆ రేటే పడితే 12.5 లక్షల ఎలక్ట్రిక్ కారు మీద 2 లక్షలకు పైగా ట్యాక్స్ పడుతుంది. పెట్రోల్ కారుతో తేడా నాలుగున్నర లక్షలవుతుంది. అంటే ఎలక్ట్రిక్ కారు చవక అనే మాట ఇప్పుడు రెండు ప్రభుత్వ నిర్ణయాల మీద నిలబడి ఉంది. ఒకటి రాష్ట్రం ఇచ్చే ఈ మాఫీ. రెండోది 2019 ఆగస్టు నుంచి కేంద్రం వేస్తున్న 5 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి ఆ రెండోదాని బలం కూడా కొంత తగ్గింది. సెప్టెంబర్‌కు ముందు వేసిన పోలికలు ఇంకా ఎవరైనా పంపితే పక్కన పెట్టేయండి.

ఇంకో పాత మాట కూడా షోరూంలలో వినపడుతూనే ఉంది. ఎలక్ట్రిక్ కారు లోను వడ్డీ మీద ఇన్‌కం ట్యాక్స్‌లో లక్షన్నర దాకా మినహాయింపు వస్తుందని చెప్తారు. ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే వర్తిస్తుంది. ఇప్పుడు తీసుకునే లోనుకు రాదు. సొంత కార్లకు కేంద్రం నుంచి నేరుగా సబ్సిడీ కూడా ఏమీ లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో మాత్రం ఎలక్ట్రిక్‌కు 15 శాతం, హైబ్రిడ్‌కు 7.5 శాతం తగ్గింపు ఉంది. కారు ధర ఎక్కువ కాబట్టి మిగతా ప్రీమియంలో అది పోతుంది.

కిలోమీటరుకు ఎంత పడుతుంది?

"కిలోమీటరుకు రూపాయి కూడా కాదన్నా" అని చెప్పేవాళ్లు కరెంటు యూనిట్‌ను నాలుగైదు రూపాయలకు లెక్కేస్తారు. మన బిల్లు అలా రాదు, స్లాబుల్లో వస్తుంది. కారు చార్జింగ్ యూనిట్లు ఎప్పుడూ పై స్లాబులోకే వెళ్లి పడతాయి.

నెలకు 180 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి. మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, మిగతా ఎనభై 4.80 చొప్పున మొత్తం 724 రూపాయలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే చిన్న ఎలక్ట్రిక్ కారుకు, చార్జింగ్‌లో పోయే నష్టం కూడా కలిపి 150 యూనిట్ల దాకా పడుతుంది. ఇంటి వాడకం 330 యూనిట్లు అయిపోతుంది. రెండు వందలు దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. మొదటి రెండు వందలకు 5.10, తర్వాతి వందకు 7.70, ఆపైన 9 రూపాయలు. మొత్తం 2,060 రూపాయలు. అంటే కారు వల్ల పెరిగిన బిల్లు 1,336. యూనిట్‌కు దాదాపు తొమ్మిది రూపాయలు పడినట్టు. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ కలిపితే కిలోమీటరుకు రూపాయి 40 పైసలు అనుకోవచ్చు.

గృహజ్యోతిలో సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రెండు వందల యూనిట్లు దాటితే ఆ నెల బిల్లంతా కట్టాల్సిందే. అప్పుడు కారు కోసం పెరిగిన ఖర్చు 1,336 కాదు, మొత్తం 2,060. కొడుకు కరెంటు కారు కొని తల్లిదండ్రుల ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే ఇళ్లలో ఈ విషయం ముందే మాట్లాడుకోవడం మంచిది. ఎండాకాలం కూలర్, ఏసీ తోడైతే స్లాబు ఇంకా పైకి పోతుంది.

ఇంత పోయినా పెట్రోల్ కంటే చాలా తక్కువే, అది ఒప్పుకోవాలి. పెట్రోల్ లీటరు 107 రూపాయలు, చిన్న కారు నిజంగా ఇచ్చే మైలేజీ 16 అనుకుంటే కిలోమీటరుకు 6.70. ఎలక్ట్రిక్‌తో కిలోమీటరుకు 5.30 మిగులుతుంది. మొదట ఎక్కువ పెట్టిన 2.4 లక్షలు తిరిగి రావాలంటే సుమారు 45 వేల కిలోమీటర్లు తిరగాలి. లోను మీద అదనంగా పడే వడ్డీని, ఇంజన్ ఆయిలు లాంటి సర్వీసింగ్ ఖర్చుల్లో మిగిలేదాన్ని ఒకదానికి ఒకటి చెల్లు వేసేశాను.

నెలకు రెండు వేలు తిరిగేవాళ్లకు రెండేళ్ల లోపే పెట్టుబడి తిరిగొస్తుంది. వెయ్యి తిరిగితే మూడేళ్ల తొమ్మిది నెలలు. ఐదు వందలే తిరిగితే ఏడున్నరేళ్లు. పిల్లలను స్కూల్లో దింపి, ఆదివారం భద్రకాళి గుడికి పోయొచ్చి, పండగకు ఊరికి పోయే కారు నెలకు ఐదు వందలు దాటడం కష్టం. మాఫీ పోయి తేడా నాలుగున్నర లక్షలయితే 85 వేల కిలోమీటర్లు తిరగాలి. వెయ్యి తిరిగేవాళ్లకు కూడా అది ఏడేళ్ల మాట.

ఇదంతా ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే వచ్చిన లెక్క. బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గర జీఎస్టీతో కలిపి యూనిట్ ఇరవై రూపాయలు దాటడం మామూలే. అప్పుడు కిలోమీటరుకు మూడు రూపాయల దాకా పడుతుంది. మిగిలేది 3.70కి తగ్గుతుంది. 45 వేల కిలోమీటర్లు కాస్తా 65 వేలవుతాయి. అద్దె ఇంట్లో ఉండి, బయటి చార్జర్ల మీదే ఆధారపడి ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు డబ్బు కోసం కొంటున్నాం అనుకోవద్దు.

రాత్రి కారు ఎక్కడ నిలబడుతుంది?

ఈ ప్రశ్నకు ఇంట్లో అందరూ కూర్చుని జవాబు చెప్పుకోవాలి. వడ్డేపల్లి, గోపాల్‌పూర్, భట్టుపల్లి రోడ్డు వైపు సొంత ఇల్లు కట్టుకుని పోర్టికోలో కారు పెట్టుకునేవాళ్లకు ఇబ్బంది లేదు. ఏసీకి వేసినట్టు 15 ఆంప్స్ ప్లగ్గుకు విడిగా లైను వేయించి, మంచి ఎర్తింగ్ పెట్టిస్తే చాలు. ఆ ప్లగ్గు నుంచి గంటకు దాదాపు మూడు యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి తొమ్మిదికి పెడితే తెల్లారి ఆరుకు 180 కిలోమీటర్లకు సరిపడా చార్జింగ్ ఉంటుంది. రోజూ తిరగడానికి 7.2 కిలోవాట్ల వాల్ చార్జర్ అక్కర్లేదు. అది పెట్టించాలంటే మంజూరైన లోడ్ కూడా బాగా పెంచుకోవాలి. మూడు కిలోవాట్లకే మంజూరైన మీటరు మీద ఏసీ, గీజర్, కారు కలిసి నడవవు. కరెంటు సెక్షన్ ఆఫీసులో అర్జీ పెట్టి, డబ్బు కట్టి లోడ్ పెంచుకున్నాకే కారు ఇంటికి తెచ్చుకోండి. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి చార్జింగ్ పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. గంటల తరబడి 13, 14 ఆంప్స్ పోయే పని అది. బాక్సు కరిగి ఇంటికే నిప్పంటుకోవచ్చు.

సుబేదారి, బాలసముద్రం వైపు అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద ప్యానెల్‌లోనే ఉంటాయి. మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా కేబుల్ వేయించుకోవడం పెద్ద పనేం కాదు. అసోసియేషన్ ఒప్పుకోవడమే పెద్ద పని. కామన్ మీటరు నుంచి వాడుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. కేబుల్‌కు రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే కారుకు అడ్వాన్స్ ఇవ్వండి.

గిర్మాజీపేట, మట్టెవాడ, కాశీబుగ్గ గల్లీల్లో ఇంటి ముందు రోడ్డు మీదే కారు పెట్టుకునేవాళ్లకు ఎలక్ట్రిక్ వద్దనే చెప్తాను. ఊళ్లో ఉండేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇంట్లో సాయంత్రం పూట ఓల్టేజీ పడిపోతుంది. మోటార్లు నడిచే సీజన్‌లో ఇంకా పడిపోతుంది. కారు తనంతట తాను చార్జింగ్ తగ్గించుకుంటుంది, లేదా ఆపేస్తుంది. అమ్మవాళ్ల ఊరికి పోయి, రాత్రి చార్జింగ్ పెట్టుకుని, పొద్దున బయల్దేరాలనే ప్లాను ప్రతిసారీ కుదరకపోవచ్చు.

మనం పోయే దారులు

కంపెనీ చెప్పే రేంజ్‌కు, రోడ్డు మీద వచ్చే రేంజ్‌కు చాలా తేడా ఉంటుంది. టాటా పంచ్ ఈవీ 35 యూనిట్ల బ్యాటరీతో 2024 జనవరిలో వచ్చినప్పుడు పరీక్షలో 421 కిలోమీటర్లు అన్నారు. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని పోతే 250 దాటి కొంచెం వస్తుంది. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీల ఎండలో, హైవే మీద వంద స్పీడులో ఇంకా తగ్గుతుంది.

మనకు దూర ప్రయాణమంటే ముందుగా హైదరాబాద్. ఆసుపత్రికైనా, పెళ్లి షాపింగ్‌కైనా, అమెరికా పోయే పిల్లలను శంషాబాద్‌లో దింపడానికైనా అటే. హన్మకొండ నుంచి ఎయిర్‌పోర్టుకు దాదాపు 170 కిలోమీటర్లు. రానూపోనూ 340. చిన్న బ్యాటరీ కారు మధ్యలో ఒకసారైనా ఆగాలి. జనగామ, భువనగిరి దారిలో చార్జర్లు ఉన్నాయి కాబట్టి అది జరగని పని కాదు. కానీ ఫ్లైట్ టైముకు పరుగెత్తే అర్ధరాత్రి ఒకే చార్జర్ ఉన్న చోట ముందే ఇంకో కారు ఉంటే ఎంత టెన్షనో ఊహించుకోండి. యాప్‌లో పచ్చగా కనపడిన చార్జర్ అక్కడికి పోయేసరికి పని చేయకపోవడం కూడా ఉంటుంది. ఏ ప్రయాణానికైనా ఇంకో చార్జర్‌ను కూడా లెక్కలో పెట్టుకుని, అక్కడిదాకా పోయేంత చార్జింగ్ మిగుల్చుకోవాలి.

ములుగు దాటి మేడారం, ఏటూరునాగారం వైపు పోయినా, భూపాలపల్లి దాటి కాళేశ్వరం పోయినా, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవి దారుల్లో పోయినా చార్జర్లు పలచబడతాయి. మేడారం గురించి ఒక భయం మాత్రం అవసరం లేనిది. జాతర ట్రాఫిక్‌లో గంటలకొద్దీ ఆగిపోతే బ్యాటరీ అయిపోతుందని అంటారు. ఆగి ఉన్న ఎలక్ట్రిక్ కారులో ఖర్చయ్యేది ఏసీకే, గంటకు ఒకటి రెండు యూనిట్లు. పెట్రోల్ కారు కూడా ఇంజన్ ఆన్‌లో ఉంచితే తాగుతూనే ఉంటుంది. చూసుకోవాల్సింది తిరుగు ప్రయాణం. హన్మకొండ నుంచి మేడారం వంద కిలోమీటర్ల పైనే. పూర్తి చార్జింగ్‌తో బయల్దేరి, అక్కడ దొరకదనే లెక్కతోనే పోవాలి.

"ఆర్టీసీ వాళ్లే ఎలక్ట్రిక్ బస్సులు నడుపుతున్నారు, మనకేం భయం?" అని అడిగేవాళ్లున్నారు. 2024 సెప్టెంబర్‌లో కరీంనగర్‌లో, 2025 జనవరిలో వరంగల్‌లో ఆ బస్సులు మొదలయ్యాయి, బాగా నడుస్తున్నాయి కూడా. కానీ బస్సుకు రోజూ అదే దారి, అదే టైము, డిపోలో సొంత చార్జర్లు. మీ ప్రయాణం కూడా అలాగే ఉంటే మీకూ బాగా నడుస్తుంది. హన్మకొండలో ఇల్లుండి రోజూ నర్సంపేటకో, పరకాలకో, ములుగుకో అప్ అండ్ డౌన్ చేసే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు అచ్చం ఆ బస్సులాంటి వాళ్లే. రోజుకు 70 నుంచి వంద కిలోమీటర్లు, రాత్రి ఇంట్లో చార్జింగ్. ఇలాంటి వాళ్లకు ఎలక్ట్రిక్ కారు కొనొద్దని చెప్పడానికి నా దగ్గర కారణమేమీ లేదు.

హైబ్రిడ్ సంగతి

ముందు పేర్లు సరిచూసుకోవాలి. బ్రెజా, ఎర్టిగా లాంటి కార్ల మీద కనిపించే "స్మార్ట్ హైబ్రిడ్" అసలు హైబ్రిడ్ లెక్కలోకి రాదు. అందులోని చిన్న మోటారు ఇంజన్‌కు కాస్త సాయం చేస్తుందంతే, కారును తనంతట తాను నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటే గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ, ఇన్నోవా హైక్రాస్ లాంటి వాటిలో కొన్ని వేరియంట్లు. వీటికి ప్లగ్గు అక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని చిన్న బ్యాటరీలో దాచుకుని, మెల్లగా పోయేటప్పుడు దానితో నడుస్తాయి.

ఇందులోనే అసలు విషయం ఉంది. లాభమంతా బ్రేకు మీద బ్రేకు పడే ట్రాఫిక్‌లో వస్తుంది. అలాంటి చోట మామూలు ఆటోమేటిక్ ఎస్‌యూవీ లీటరుకు 12 ఇస్తే, హైబ్రిడ్ 22 ఇస్తుంది. కిలోమీటరుకు నాలుగు రూపాయలు మిగులుతాయి. హైవే మీద అదే కార్లు 17, 20 ఇస్తాయి. మిగిలేది రూపాయి లోపే. హైబ్రిడ్‌కు షోరూంలో రెండున్నర లక్షలు ఎక్కువ అనుకుంటే, దాని మీద 17 శాతం ట్యాక్స్‌తో 2.92 లక్షలవుతుంది. ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ ట్యాక్స్ తీసేసింది. మన 2024 మాఫీ బ్యాటరీతో నడిచే వాహనాల కోసం తెచ్చింది. యూట్యూబ్‌లో ఉత్తరాది వాళ్లు వేసే లెక్క మనకు పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

ఆ 2.92 లక్షలు తిరిగి రావాలంటే సిటీ ట్రాఫిక్‌లోనే నడిపితే 72 వేల కిలోమీటర్లు చాలు. హైవే మీదే నడిపితే మూడు లక్షల కిలోమీటర్లు. రెండూ కలిస్తే లక్ష దాటుతుంది. ఇప్పుడు మన ప్రయాణాలు గుర్తు చేసుకోండి. హన్మకొండ చౌరస్తాలో, పోచమ్మ మైదాన్‌లో పది నిమిషాలు నెమ్మదిగా నడుస్తుంది, ఊరు దాటితే ఖాళీ రోడ్డు. కరీంనగర్‌కైనా, జనగామకైనా, హైదరాబాద్‌కైనా హైవేనే. హైబ్రిడ్‌కు బలమున్న చోట మనం తక్కువగా తిరుగుతాం. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ పోయే కొడుకు కొంటే అర్థముంది. హన్మకొండలో ఉండే తండ్రి కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి పదేళ్లు చాలవు.

డిక్కీ కూడా చూసుకోండి. గ్రాండ్ విటారా మామూలు వేరియంట్‌లో 373 లీటర్లుండే డిక్కీ, బ్యాటరీ వల్ల హైబ్రిడ్‌లో 265 లీటర్లే. ఊరి నుంచి బియ్యం బస్తా, మామిడికాయలు తెచ్చుకునే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇంత చెప్పినా హైబ్రిడ్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. టయోటా, మారుతి పెట్రోల్ హైబ్రిడ్‌లు అడవి దారిలో కూడా నిశ్చింతగా పోతాయి, బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. నిశ్శబ్దంగా, మెత్తగా నడుస్తాయి. ఆ సుఖం కోసం డబ్బు పెట్టగలిగినవాళ్లు సుఖం కోసమే కొంటున్నామని తెలిసి కొనుక్కోవచ్చు.

సీఎన్‌జీ, డీజిల్ గురించి రెండు మాటలు. సీఎన్‌జీలో కిలోమీటరు ఖర్చు నాలుగు రూపాయల దగ్గర ఉంటుంది, కారు ధర పెట్రోల్ కంటే లక్షలోపే ఎక్కువ. మీరు రోజూ పోయే దారిలో గ్యాస్ బంకు ఉంటే మంచి మధ్యమార్గం. లేకపోతే క్యూలో టైము పోతుంది. డీజిల్ నెలకు రెండున్నర వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగే పెద్ద కుటుంబాలకే. పదేళ్ల డీజిల్ బండ్లు మూలన పడేయాలనే నిబంధన ఢిల్లీ చుట్టుపక్కలది, మనకు లేదు.

బ్యాటరీ, వరద, సెకండ్ హ్యాండ్

బ్యాటరీ మీద మనవాళ్ల భయం కొంత నిజం, కొంత పుకారు. ఎనిమిదేళ్ల దాకా వారంటీ ఉంది. కొన్ని మోడళ్లకు "లైఫ్‌టైమ్ వారంటీ" అంటారు, అది మొదటి ఓనరుకే. మీరు అమ్మితే కొన్నవాళ్లకు అంత రక్షణ ఉండదు. అందుకే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ధర బాగా పడుతుంది. వారంటీ అయిపోయాక బ్యాటరీ మొత్తం మార్చాలంటే లక్షల్లో ఖర్చు. మూడు నాలుగేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లు ఎలక్ట్రిక్ జోలికి పోకపోవడమే మంచిది. పెట్రోల్ మీద మిగిలిందంతా అమ్మకంలో పోతుంది. అమ్మకుండా ఎనిమిది తొమ్మిదేళ్లు వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ.

బ్యాటరీ లేకుండా కారు ధర కట్టి, బ్యాటరీకి కిలోమీటరు లెక్కన అద్దె కట్టే పద్ధతి కూడా వచ్చింది. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబర్‌లో కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దెతో మొదలైంది. దానికి మన కరెంటు రూపాయి 40 పైసలు కలిపితే దాదాపు ఐదు రూపాయలు. మంచి మైలేజీ ఇచ్చే పెట్రోల్ కారుకు అంతకంటే పెద్ద తేడా ఉండదు. పైగా తిరిగినా తిరగకపోయినా నెలకు కనీసం ఇంత అని షరతు ఉంటుంది. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు.

మన ఊరికి వరద కొత్త కాదు. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాయి, అదే వానకు మోరంచపల్లి నీళ్లలో చిక్కుకుంది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపానుకు మళ్లీ అదే గతి. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు సాధారణంగా ఐపీ67 రక్షణ ఉంటుంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవాలి. రాత్రంతా మునిగిన కారుకు ఆ హామీ వర్తించదు. పెట్రోల్ కారు ఇంజన్‌లోకి నీళ్లు పోయినా బాగుచేసే మెకానిక్ ఆటోనగర్‌లో దొరుకుతాడు. బ్యాటరీలోకి నీళ్లు పోతే కంపెనీ సర్వీస్ సెంటరే దిక్కు. నాలా పక్కన, పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లు, సెల్లార్‌లో పార్కింగ్ ఉన్నవాళ్లు ఏ కారు కొన్నా ఇన్సూరెన్స్‌లో ఇంజన్ లేదా బ్యాటరీ రక్షణ యాడ్-ఆన్ తప్పకుండా తీసుకోవాలి. ఎలక్ట్రిక్ అయితే అసలు కొనాలా వద్దా అని ఆలోచించమనే చెప్తాను.

పర్యావరణం కోసం కొంటున్నామనేవాళ్లకు గౌరవంతో ఒక మాట. మన కరెంటులో ఎక్కువ భాగం రామగుండంలో, భూపాలపల్లి దగ్గరి చెల్పూరులో, మంచిర్యాల దగ్గరి జైపూర్‌లో కాలే బొగ్గు నుంచే వస్తోంది. దేశ సగటున యూనిట్ కరెంటుకు 0.7 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పై లెక్కలోని ఎలక్ట్రిక్ కారు కిలోమీటరుకు సుమారు 108 గ్రాములు, లీటరుకు 21 ఇచ్చే హైబ్రిడ్ 110 గ్రాములు, చిన్న పెట్రోల్ కారు 144 గ్రాములు. ఊళ్లో పొగ లేకపోవడం మంచి విషయమే, ఆ పొగ రామగుండం పక్కనున్న గోదావరిఖని వాళ్లు పీలుస్తున్నారు. మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే మాత్రం చిత్రం పూర్తిగా మారుతుంది. కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. నెలకు 350 యూనిట్ల దాకా వస్తాయి. ఇల్లూ కారూ రెండూ అందులోనే నడుస్తాయి, స్లాబుల బాధ తప్పుతుంది. సొంత మేడ ఉండి, నెలకు వెయ్యి దాటి తిరిగే ఇంట్లో ఎలక్ట్రిక్ కారు కంటే ముందు సోలార్ పెట్టించుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

ఇక ఎవరికి ఏది?

సొంత పోర్టికో, రోజూ అరవై కిలోమీటర్లకు పైగా తిరుగుడు, ఇంట్లో ఇంకో కారు ఉందా? ఎలక్ట్రిక్ తీసుకోండి. ఉన్నది ఒకే కారు, దాంతోనే అన్ని ఊళ్లూ తిరగాలంటే నలభై ఐదు యూనిట్లకు తగ్గని బ్యాటరీ కావాలి. అప్పుడు ధర ఎక్కడికో పోతుంది, పై లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి. నెలకు వెయ్యి లోపు తిరిగేవాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు, గల్లీలో కారు పెట్టేవాళ్లు చిన్న పెట్రోల్ కారు కొనుక్కుని మిగిలిన రెండున్నర లక్షలు పిల్లల చదువుకో, ఇంటి మీది సోలార్‌కో వాడుకోండి. 2025 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలే వస్తోంది కాబట్టి మైలేజీ కొద్దిగా తగ్గించుకునే లెక్క వేయండి. సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొంటే అది ఆ పెట్రోల్‌కు తయారైనదో కాదో చూసుకోండి. సుఖం కోసం ఇరవై లక్షల దగ్గర పెట్టదలచుకుంటే హైబ్రిడ్ నడిపి చూడొచ్చు.

ఎలక్ట్రిక్‌నే ఖాయం చేసుకుంటే తొందరపడాల్సింది ఒక్క విషయంలో. ట్యాక్స్ మాఫీ రావాలంటే 2026 డిసెంబర్ 31 లోపు కారు కొని, తెలంగాణలోనే రిజిస్టర్ చేయించాలి. బుకింగ్ రసీదు దానికి సరిపోదు. డెలివరీ జనవరికి జరిగే పరిస్థితి ఉంటే ట్యాక్స్ ఎవరు కడతారో కొటేషన్ మీదే రాయించుకుని, డీలరు ముద్ర వేయించుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.